మెట్లన్నీ సమదూరంలో ఉండవలెను

మా గంధవరంలో ఇంటి పెరట్లో కూర్చుని ఎలక్ట్రిక్ గిటారు తయారుచేసిన మొదటివాణ్ణి నేనే. నా తరువాత చేసినవాళ్ళందరూ పైనుంచి చెయ్యమంటే చేశారు. ఈ తేడా ముందే చెప్పుకోవడం మంచిది. ఎందుకంటే ఇప్పుడు మా ఊళ్ళో గిటారు లేని ఇల్లు లేదు, గిటారు వింటే పారిపోని మనిషీ లేడు.

నేను రైసుమిల్లులో గుమస్తాని. పేరు వీరభద్రం. పదో తరగతితో చదువు ఆగింది. వడ్రంగం నా వృత్తి కాదు గాని, సెలవునాడు చేతిలో రంపం లేకపోతే నాకు తోచదు. బంధువుల్లో ఎవరింట గృహప్రవేశమైనా దేవుడి మందిరం నేనే చేసి ఇస్తాను. నా మందిరాలు కొంచెం పక్కకి ఒరుగుతాయని మా ఆవిడ మంగతాయారు అంటుంది. దేవుడు ఇంతవరకు ఏమీ అనలేదు.

గిటారు ఆలోచన మా అమ్మాయి హైమ వల్ల వచ్చింది. మా వేణుగోపాలస్వామి గుడిలో మాఘమాసంలో కల్యాణం జరుగుతుంది. తలంబ్రాలయ్యాక పెళ్ళికూతురి తరఫున ఊరి ఆడపిల్ల ఒకర్తె పాట పాడటం అక్కడి ఆచారం. చిన్నప్పటినుంచీ ఆ పాట హైమదే. ఇంటరు అయిన ఏడు దానికి మెడకు ఆపరేషన్ చేయించవలసి వచ్చింది. ప్రాణం దక్కింది, గొంతు దక్కలేదు. మాట వస్తుంది, బొంగురుగా. పాట మాత్రం రాదు. మళ్ళీ వస్తుందా అని అడిగితే పెద్ద డాక్టరు గారు, రావచ్చు, రాకపోవచ్చు అన్నారు. ఆ మాట చెప్పడానికి అన్నేళ్ళు చదవాలా అనిపించింది గాని, పెద్దవారు, అడగలేదు. ఆ ఏటి కల్యాణంలో పాట సమయానికి హైమ స్తంభం వెనక్కి వెళ్ళి నిలబడింది. పాట బదులు మంగళవాద్యం గట్టిగా వాయించి కానిచ్చారు.

క్రిస్మస్ రోజుల్లో పక్కవీధి చర్చిలో శామ్సన్ అనే కుర్రాడు ఎలక్ట్రిక్ గిటారు వాయిస్తుంటే హైమ మా అరుగు మీద కూర్చుని వినేది. ఒకనాడు నన్ను పిలిచి, "నాన్నా, మామూలు గిటారైతే మీటగానే శబ్దం ఆరిపోతుంది. ఇది చూడు, ఊపిరి బిగబట్టినట్టు నిలబడుతోంది. మాటల్లేకుండా పాడుతోంది" అంది.

ఆ సాయంత్రమే గుడికి వెళ్ళి, అలాంటి గిటారు నా చేత్తో నేనే చేసి, పై ఏటి కల్యాణంలో ఆ పాట స్వామి ముందు హైమ చేత వాయింపిస్తానని మొక్కుకున్నాను. మొక్కుకున్నాక, గిటారు ఎలా చేస్తారా అని ఆలోచించాను. మా ఇంట్లో ముఖ్యమైన పనులన్నీ ఈ వరసలోనే జరుగుతాయి.

వీణకి పనసకర్ర వాడతారు కాబట్టి పాత వంటింటి తలుపురెక్క తీసి గిటారు ఒళ్ళు కోశాను. మెడకి టేకు. తీగల కింద పెట్టే అయస్కాంతాల పెట్టె, స్విచ్చులు హైమ కొరియర్‌లో తెప్పించింది. మెడ మీద అడ్డంగా దిగ్గొట్టే ఇత్తడి మెట్లు ఎక్కడెక్కడ ఉండాలో నాకు తెలియదు. శామ్సన్ గిటారు మెడ మీద కాగితం పట్టీ పరిచి, ప్రతి మెట్టు దగ్గరా పెన్సిలుతో గీత పెట్టుకొచ్చాను. పైన మెట్ల మధ్య దూరం ఎక్కువ, కిందికి వస్తున్నకొద్దీ తక్కువ. ఎందుకలా అని అడిగితే, "అలా ఉంటేనే పలుకుతాది బాబాయ్, నాకూ అంతే తెలుసు" అన్నాడు. ఇద్దరికీ అంతే తెలుసు కాబట్టి వాదన రాలేదు.

మొదటి మెడ వానాకాలం చెమ్మకి వంకరపోయింది. రెండోది మేకు దిగగానే చీలింది. మూడోదానికి పసుపు రాసి, బొట్టుపెట్టి మొదలుపెట్టాను. అది నిలిచింది. హైమ తీగలు బిగించి, రేడియో అంత స్పీకరు పెట్టెకి తగిలించి, ఆ పెళ్ళిపాట మొదటి వరస మీటింది. బియ్యం కడుగుతున్న మంగతాయారు చేతులు నీళ్ళలోనే ఉంచి ఆగిపోయింది. ఆ పూట అన్నం ఆలస్యమైంది.

కథ అక్కడితో అయిపోవలసింది. కాని మా వీధిలో ఒక విలేఖరి ఉన్నాడు.

పనసతలుపు గిటారైన వార్త, నేను రంపం పట్టుకుని నవ్వుతున్న ఫోటోతో సహా, జిల్లా పేజీలో పడింది. దాన్ని ఎవరో పెద్దవారు కాఫీ తాగుతూ చూశారట. గ్రామీణ ప్రతిభ అన్నారట. ఆ కాఫీ చల్లారేలోగా రాష్ట్ర గృహ గిటారు అభివృద్ధి మండలి ఏర్పడింది. గంధవరాన్ని తొలి గిటారు పట్టణంగా ప్రకటించారు. నన్ను పిలిచి శాలువా కప్పి, మాట్లాడమని మైకు ఇచ్చారు. నేను, ఇది మా అమ్మాయి కోసం చేసిందండి అని మాత్రం అన్నాను. అధ్యక్షులవారు వెంటనే లేచి, రాష్ట్రంలోని ప్రతి ఆడపిల్లా తన అమ్మాయేనని వీరభద్రం గారు సెలవిచ్చారని వివరించారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

ప్రతి ఇంటా ఒక గిటారు తయారవ్వాలన్నారు. అన్ని గిటార్లకీ ఒక నమూనా ఉండాలి కదా, అందుకని మండలి తరఫున ప్రాంతీయ ఏకరూపతాధికారి ధూర్జటిరావు గారు మా ఇంటికి వచ్చారు. చాలా మర్యాదస్తులు. చెప్పులు గుమ్మం బయటే విడిచారు, మజ్జిగ ఇస్తే లేచి నిలబడి పుచ్చుకున్నారు. జేబులో ఎప్పుడూ ఉక్కు స్కేలు ఉంటుంది. అంతకుముందు రహదారుల శాఖలో మైలురాళ్ళ మధ్య దూరం సరిగ్గా ఉందో లేదో చూసేవారట. ఆయన హయాంలో ఏ మైలురాయీ కదలలేదని గర్వంగా చెప్పారు.

గిటారుని చాప మీద పడుకోబెట్టి, మెట్ల మధ్య స్కేలు ఆనించి, ఒక్కొక్కటే కొలిచారు. కొలిచినకొద్దీ ఆయన ముఖం వాడిపోయింది. చివరికి కళ్ళజోడు తీసి, ఇంట్లో దుర్వార్త చెప్పేవాడిలాగా మెల్లిగా అన్నారు.

"వీరభద్రం గారూ, పని బాగుంది. కాని మొదట్లో ఉన్న శ్రద్ధ చివరిదాకా లేదు."

"ఏమయిందండీ?"

"పైన చూడండి, మెట్టుకీ మెట్టుకీ మధ్య ధారాళంగా ఉంది. రానురాను ఇరుకైపోయింది. బ్యానర్లు రాసే కుర్రాళ్ళు చూడండి, మొదట పెద్ద అక్షరాలు రాసేసి, చివర గుడ్డ చాలక కుక్కేస్తారు. అదే జరిగింది. మొదటిసారి చేసేవాళ్ళకి సహజమే లెండి."

వీణ మీద కూడా అలాగే ఉంటాయండీ అని, గోడమీది క్యాలెండరులో సరస్వతీదేవిని చూపించాను. ఆయన లేచి, దణ్ణం పెట్టుకుని, అమ్మవారి చేతిలోని వీణకి స్కేలు ఆనించి కొలిచారు. నేను చెప్పింది నిజమే. ఒక క్షణం ఆలోచించి, పూర్వకాలపు పనితనం, అప్పట్లో ఉక్కు స్కేళ్ళు లేవు అన్నారు. అమ్మవారికి మళ్ళీ దణ్ణం పెట్టారు. ఈసారి కొంచెం క్షమించినట్టు పెట్టారు.

ఐదు వేళ్ళూ సమానంగా ఉంటాయాండీ అని పెద్దలు అంటారు కదా, అదే అడిగాను. వేళ్ళు ఆరోగ్యశాఖ పరిధిలోకి వస్తాయని ఆయన చెప్పారు.

హైమ గిటారు తీసుకుని వాయించింది. ఆయన కళ్ళు మూసుకుని, తొడమీద తాళం వేస్తూ పూర్తిగా విన్నారు. బాగుందమ్మా, చాలా బాగుంది అన్నారు. కళ్ళు తెరిచాక స్కేలు కనిపించింది.

"చెవికి బాగుండటం వేరు తల్లీ, కొలతకి నిలవడం వేరు. చెవి మనిషికో రకం. స్కేలు ఎవరి చేతిలో ఉన్నా అదే స్కేలు. ప్రభుత్వం దేన్ని నమ్మాలి, నువ్వే చెప్పు."

తరువాతి వారం ఉత్తర్వు వచ్చింది. 'సదరు వాద్యమునందలి మెట్లన్నీ సమదూరంలో ఉండవలెను. రెండు మెట్ల మధ్య దూరంలో వ్యత్యాసము కనబడినచో సదరు వాద్యము దోషభూయిష్టముగా పరిగణింపబడును.' నా గిటారు ఆధారంగా తయారైన నమూనా కాబట్టి నాకు కృతజ్ఞతలు కూడా అందులోనే చెప్పారు. నా గిటారే మొదటి దోషభూయిష్టం అని దాని కింద ఉంది.

ఇక ఊరు ఊరంతా పనిలో పడింది. వార్డుకి ఇన్ని గిటార్లని లక్ష్యం పెట్టారు. ఇంతకుముందు రంపం అంటే పండ్లున్న కత్తి అనుకునేవాళ్ళు కూడా రంపాలు కొన్నారు. కర్ర చాలలేదు. మొదట పాత మంచాలు పోయాయి, తరువాత కొత్త మంచాలు. పార్కులో బెంచీలు మాయమయ్యాయి. హైస్కూల్లో పిల్లలు నిలబడి చదువుకుంటుంటే ఆరోగ్యానికి మంచిదని హెడ్మాస్టరు గారు నోటీసు పెట్టారు. లక్ష్యం చేరడానికి ఆఖరి రోజున మునిసిపల్ కమిషనరు గారి గది తలుపు కూడా తీసేశారు. కార్యాలయంలో పారదర్శకత పెరిగిందని దానికి మెచ్చుకోలు పత్రం వచ్చింది.

అన్ని గిటార్లకీ మెట్లు కిటికీ ఊచల్లాగా, ఒక్క వెంట్రుకవాసి తేడా లేకుండా కుదిరాయి. చూడటానికి ఎంతో ముచ్చటగా ఉండేవి. మండలి శతదినోత్సవం నాడు మునిసిపల్ మైదానంలో వాటన్నిటితో ఒకేసారి ప్రార్థనాగీతం వాయించారు. నేను భగవంతుణ్ణి నమ్మినవాణ్ణి, ఏ ప్రార్థననీ తప్పుపట్టను. కాని ఆవేళ ప్రార్థన ఎవరికి చేరిందో నాకు సందేహమే. మైదానం పక్కన కట్టేసిన గేదెలు తాళ్ళు తెంపుకున్నాయి. మా పక్కన కూర్చున్న ముసలాయన, ఏ గిటారు తప్పు పలుకుతోందో పట్టుకుందామని చాలాసేపు చూశాడు. పట్టుకోలేకపోయాడు. అన్నీ ఒకటే తప్పు, ఒకటే చోట, కలిసికట్టుగా పలుకుతున్నాయి.

అధ్యక్షులవారు ఇది నవయుగ నాదమన్నారు. ఆడపిల్లల బడిలో సంగీతం చెప్పే పంతులమ్మ ఒకావిడ లేచి, స్వరాలు పక్కకి పోతున్నాయని అంది. వెంటనే విచారణ సంఘం వేశారు. ఆ సంఘం ఊళ్ళోని ప్రతి గిటారునీ ఇంకో గిటారుతో సరిచూసి, ఏ రెండిటికీ తేడా లేదని తేల్చింది. గిటార్లలో దోషం లేదు కాబట్టి దోషం వినేవాళ్ళలో ఉండాలి. వార్డులవారీగా వినికిడి దిద్దుబాటు శిబిరాలు పెట్టారు.

మమ్మల్నీ పిలిచారు. వరసగా కుర్చీల్లో కూర్చోబెట్టి ప్రామాణిక గిటారు వాయిస్తారు. బాగుందని ఎవరికి అనిపిస్తే వాళ్ళు చెయ్యెత్తి ఇంటికి వెళ్ళవచ్చు. మంగతాయారు గిటారు బయటికి తియ్యకముందే చెయ్యెత్తింది. "పొయ్యి మీద పప్పు పెట్టొచ్చాను బాబూ, నాకు బాగానే ఉంది" అని చెప్పి వెళ్ళిపోయింది. త్వరగా కోలుకున్నవారి జాబితాలో ఆమెదే మొదటి పేరు. నేను నిజంగా బాగుందనిపించేదాకా ఆగుదామనుకున్నాను. మధ్యాహ్న భోజనానికి కూడా వదల్లేదు. చివరికి ఆకలి వేశాక నాకూ బాగుందనిపించింది.

తరువాత మిగతా వాద్యాల వంతు. మా భజన సమాజంలో తబలా వాయించే గవర్రాజుకి తాఖీదు వచ్చింది. జతలో ఒకటి చిన్నది, ఒకటి పెద్దది ఉన్నట్లు గమనించడమైనది, సంజాయిషీ ఇవ్వవలెను అని. గవర్రాజు ఎడమచేత్తో వాయించే పెద్దవి, డుబుక్కులు, రెండు కొనుక్కుని భజనకి వచ్చాడు. భజన చేస్తున్నంతసేపూ ఎవరో నూతిలో రాళ్ళు వేస్తున్నట్టుండేది. అన్నిటికన్నా నన్ను బాధపెట్టింది బడిపిల్లలు. గిటార్ల ప్రకారం దిద్దిన ప్రార్థనాగీతం నేర్చుకుని, సాయంత్రం ఇళ్ళలో దీపం పెట్టేవేళ అదే వరసలో హారతిపాట పాడేవారు. తప్పని ఎలా చెప్పను. బడిలో వాళ్ళకి మార్కులు వస్తున్నాయి.

ఇవన్నీ ఊరందరితోపాటు నేనూ భరించాను. మాఘమాసం దగ్గరపడుతుండగా ఇంకో ఉత్తర్వు వచ్చింది. ఏకరూపతా ధ్రువపత్రం లేని వాద్యాన్ని బహిరంగ స్థలాల్లో, దేవాలయాలతో సహా, వాయించరాదు. వాయించినచో స్వాధీనం చేసుకుంటారు.

నేను ధూర్జటిరావు గారి ఆఫీసుకి వెళ్ళాను. మొక్కు సంగతి, హైమ గొంతు సంగతి అంతా చెప్పాను. ఆయన మనసు మంచిదే. కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. తను కూడా మొక్కుకుని కొడుకుని కన్నవాణ్ణేనని చెప్పారు. కాని మొక్కు వేరు, మెట్టు వేరన్నారు. మెట్లు పీకి సమదూరంలో కొట్టించండి, నేనే స్వయంగా గుడికి వచ్చి, అక్కడికక్కడే ధ్రువపత్రం రాసిచ్చి, తీర్థం పుచ్చుకుని వెళ్తానన్నారు. ఇంతకన్నా మంచిమాట ఏ అధికారి చెప్తాడు.

ఒక్కటే అడిగాను. "దేవుడి ముందు తప్పు పలికితే ఎలాగండీ?"

"దేవుడు భక్తి చూస్తాడు వీరభద్రం గారూ. మేం కొలత చూస్తాం. ఎవరి పని వాళ్ళం చెయ్యాలి గదా."

ఆ మాటలో తప్పెక్కడుందో నాకు దారిపొడుగునా దొరకలేదు.

ఇంటికొచ్చి, మిగిలిన టేకుతో ఇంకో మెడ చేసి, స్కేలు పెట్టి సమదూరంలో మెట్లు దిగ్గొట్టాను. పాత మెడ ఊడదీసి ఇది బిగించాను. వెయ్యేళ్ళనాటి గుళ్ళు నిలబెట్టినవాడికున్నంత జాగ్రత్తతో చేశాను. నా జన్మలో పక్కకి ఒరగని వస్తువు చేసింది అదొక్కటే. హైమ ఒళ్ళో పెట్టుకుని పెళ్ళిపాట ఎత్తుకుంది. మొదటి అడుగు సరిగ్గా పడింది, రెండోది తడబడింది, మూడో చోట పాట ఎటో వెళ్ళిపోయింది. తీగని లాగి, వదిలి, ఎక్కడెక్కడో వెతికింది. దొరకలేదు. గిటారు గోడకి ఆనించేసింది.

"ఇలాంటి గొంతు నాకు ఇప్పటికే ఉంది నాన్నా. దీన్ని గుడికి తీసుకెళ్ళడం దేనికి."

మంగతాయారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళింది. పిల్ల మళ్ళీ స్తంభం వెనక నిలబడుతుందన్న సంగతి ముగ్గురికీ తెలిసిపోయింది. నా మొక్కు ఒకెత్తు. మొక్కుదేముంది, స్వామికి చెప్పుకుంటే వింటాడు. ఇన్నాళ్ళకి నోరు వచ్చిందనుకున్న పిల్లకి మళ్ళీ నోరు కట్టెయ్యడానికి నా చేత్తోనే పనిముట్టు చేసిచ్చాను. అది ఎవరికి చెప్పుకోవాలో తెలియలేదు.

మర్నాడు నేను అరుగుమీద కూర్చుని ఉత్తర్వు మళ్ళీ చదువుతున్నాను. స్తోత్రం అర్థం కాకపోయినా రోజూ చదివితే ఫలితం ఉంటుందంటారు గదా, ఆ ఆశతో పైకే చదువుతున్నాను. రెండు మెట్ల మధ్య దూరంలో వ్యత్యాసము కనబడినచో. రెండు మెట్ల మధ్య. హైమ పాత మెడ చేతిలో పట్టుకుని, దాని మెట్ల మీద బొటనవేలు నడిపిస్తూ వింటోంది.

"నా గొంతులో మెట్లున్నాయా నాన్నా?" అంది.

లేవమ్మా, గొంతులో మెట్లెందుకుంటాయి అన్నాను.

"మరి పాడేదాన్ని కదా."

అర్థం కావడానికి నాకు కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక భయం వేసింది. ఆ మెట్లు దిగ్గొట్టడానికి నేను పడ్డ పాట్లు దేవుడికే తెలుసు. పటకారు తెచ్చి ఒక్కొక్కటే పీకాను. పీకినచోటల్లా సన్నటి గాడి మిగిలింది. రంపపుపొట్టు జిగురులో కలిపి గాళ్ళన్నీ పూడ్చి, ఉప్పుకాగితంతో రుద్ది, నున్నగా చేశాను. పాత మెడ తిరిగి గిటారుకి ఎక్కింది. ఇప్పుడది బోసినోరులా ఉంది.

మొదట్లో హైమ చాలా అవస్థపడింది. మెట్టు ఉంటే వేలు ఇటూ అటూ పడినా స్వరం తన చోట తను నిలబడుతుంది. మెట్టు లేకపోతే వేలే మెట్టు. వెంట్రుకంత జరిగినా అపశ్రుతి. మండలి గిటారుకీ మన గిటారుకీ తేడా తెలియడం లేదని నేను ఒకసారి నోరుజారాను. ఆ పూట నాకు ఎవరూ కాఫీ ఇవ్వలేదు. తరువాత మెల్లమెల్లగా వేలు తన చోటు తను తెలుసుకోవడం మొదలుపెట్టింది. హైమ పెదాలు కదుపుతూ, శబ్దం రాకుండా లోపల పాడుకుంటూ, గొంతు ఎక్కడికి వెళ్తుందో వేలిని అక్కడికి పంపించేది. ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి మెట్టు దూకనక్కరలేదు కాబట్టి జారుకుంటూ వెళ్ళేది. మధ్యలో చిన్న ఊగు. అది దాని గొంతులోని పాత ఊగు. ఒకరోజు పెరట్లో బట్టలు ఆరేస్తూ మంగతాయారు, "ఎవరే పాడేది" అని అడిగి, అడిగాక అక్కడే కూలబడిపోయింది.

కల్యాణం రోజు వచ్చింది. తలంబ్రాలు అయ్యాయి. ముత్యాలు ఏరుకునే పిల్లల గోల సద్దుమణిగాక పూజారి గారు పాట అన్నారు. అన్నమాట ప్రకారం ధూర్జటిరావు గారు పట్టుపంచె కట్టుకుని వచ్చి, మండపంలో ముందు కూర్చున్నారు. ధ్రువపత్రాల పుస్తకం ఒళ్ళో ఉంది. హైమ గిటారు తెచ్చి ఆయన ముందు పెట్టి పక్కన నిలబడింది.  

ఆయన స్కేలు తీశారు. మెడ పైనుంచి కిందికి చూశారు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు. అరచేత్తో తడిమారు.

"మెట్లేవి?"

"లేవండి" అన్నాను.

"లేకపోతే నేనేం కొలవాలి?"

అది ఉత్తర్వులో రాయలేదండి అన్నాను. నిజంగానే రాయలేదు.

ఆయన చాలాసేపు ఆలోచించారు. పెళ్ళికి వచ్చిన జనం, పెళ్ళికొడుకైన స్వామితో సహా, ఎదురుచూశారు. చివరికి పక్కకి వెళ్ళి, ఫోను తీసి పైఅధికారికి చేశారు. ఇటువైపు మాటలే మాకు వినిపించాయి. "లేవు సార్. ఒక్కటి కూడా లేదు సార్. అవున్సార్, మెట్లు లేవు కాబట్టి మధ్య దూరం లేదు సార్. దూరం లేదు కాబట్టి వ్యత్యాసం… కనబడలేదు సార్. అస్సలు కనబడలేదు. అలాగే సార్. సంతోషం సార్."

తిరిగి వచ్చేసరికి ముఖం వెలిగిపోతోంది. పుస్తకం తెరిచి, స్పష్టంగా అందరికీ వినబడేలా చదువుతూ రాశారు. మెట్ల మధ్య వ్యత్యాసం: శూన్యం. దోషం: శూన్యం. శ్రేణి: అత్యుత్తమం. ఎంత బాగా చేసిన ప్రామాణిక గిటారులోనైనా సూక్ష్మంగా చూస్తే దారప్పోగంత తేడా ఉంటుందట. మండలి చరిత్రలో అది కూడా లేని గిటారు ఇదొక్కటేనని నా చెయ్యి పట్టుకుని ఊపారు. ఇంతకాలం అనవసరంగా మెట్లతో కాలయాపన చేశామని పైవారు అభిప్రాయపడుతున్నారట.

హైమ స్వామికెదురుగా, స్తంభానికి ఇవతల కూర్చుంది. కళ్ళు మూసుకుంది. పెదాలు కదిలాయి. గిటారు పాడింది.

దాని గురించి నాకు రాయడం చేతకాదు. ఆ పాట మాటలు తెలిసిన ముసలమ్మలు గిటారు వెనకే సన్నగా అందుకున్నారు. బడిపిల్లలు నోళ్ళు తెరుచుకుని విన్నారు. వాళ్ళు ఇంటికెళ్ళి ఏ వరస పాడుకుంటారో, మార్కులు ఏమవుతాయో నాకు తెలియదు. గవర్రాజు తన రెండు డుబుక్కుల మీద చేతులు పెట్టి, వాయించకుండా ఊరుకున్నాడు. అతను చేసిన వాద్యసేవలో అది శ్రేష్ఠమైనది. పాట అయ్యాక చప్పట్లు లేవు. గుళ్ళో ఎవరు కొడతారు. ధూర్జటిరావు గారు ఉత్తరీయంతో కళ్ళు ఒత్తుకుంటున్నారు.

ఒత్తుకుని, హైమ ఒళ్ళోని గిటారు వైపు వంగి చూశారు. దగ్గరగా చూశారు. చెయ్యి మెల్లిగా స్కేలు ఉన్న జేబువైపు వెళ్ళింది.

"వీరభద్రం గారూ, ఇప్పుడే గమనిస్తున్నాను. ఈ తీగలు… ఒకటి లావుగా ఉంది, ఒకటి సన్నంగా ఉంది…"

 కాని మంగతాయారు అప్పటికే గుడి వంటశాల నుంచి వచ్చేసింది. ఆయన కుడిచేతిలో దొన్నె నిండా చక్రపొంగలి పెట్టింది, ఎడమచేతిలో పానకం గ్లాసు పెట్టింది. రెండు చేతులూ నిండిపోయాయి. ప్రసాదాన్ని కింద పెట్టకూడదని ఆయనకి తెలుసు, ఆచారం తెలిసినవారు.

"తినండి బాబూ, నెమ్మదిగా తినండి. పొయ్యి మీంచి ఇప్పుడే దించారు, కాలుతుంది" అంది.

ఆయన నిలబడి, ఊదుకుంటూ, తిన్నారు. ఆడవాళ్ళు ఇంకొక్కసారి అమ్మా అంటే, హైమ పాట మళ్ళీ మొదటినుంచి ఎత్తుకుంది.